ఐపీ పెట్టే ముందు జీతం ఎటు పోవాలి?

(వార్షిక సమావేశంలో సహాయ బృందం తరఫున చేసిన ప్రసంగ పాఠం)

  రాత్రి షిఫ్టు దిగి నిద్ర కూడా పోకుండా నేరుగా ఇక్కడికే వచ్చినవాళ్లు ముందు వరసల్లో కనిపిస్తున్నారు.

ఈసారి మాకిచ్చిన విషయం వినగానే కొందరు తల దించుకున్నారు. ఎందుకో మాకు తెలుసు. మన ఊళ్లలో 'ఫలానావాడు ఐపీ పెట్టాడు' అంటే రాత్రికి రాత్రి కొట్టు మూసేసి, నలుగురి చిట్టీ డబ్బులు ఎత్తుకుని పోయినవాడని అర్థం. ఐపీ అంటే కోర్టులో వేసే ఇన్‌సాల్వెన్సీ పిటిషన్ అన్న సంగతి ఎవరికీ పట్టదు, మాట మాత్రం తిట్టుగా మిగిలిపోయింది. అందుకే ఈ అమెరికాలో పీకల దాకా అప్పుల్లో మునిగిన మనవాడు లాయరు దగ్గరికి అన్నిటికన్నా ఆఖరున వెళ్తాడు. అంతకు ముందు ఆరు నెలలు, ఏడాది పాటు తనకు తోచినవన్నీ చేసి, డబ్బు అటూ ఇటూ తిప్పి, అప్పుడు వెళ్తాడు. ఇవాళ మేము చెప్పేది ఆ 'అంతకు ముందు' గురించే.

మేము లాయర్లం కాదు. మనవాళ్లకు తోడుగా లాయర్ల దగ్గరికి, ట్రస్టీ ముందుకు వెళ్లి, కాగితాలు చదివి నేర్చుకున్నదే చెబుతున్నాం. రాష్ట్రానికో రూలు ఉంటుంది. ఇక్కడ విన్నది పట్టుకుని సొంతంగా పిటిషన్ వేయకండి, లాయరుకు వేయాల్సిన ప్రశ్నలు మాత్రం రాసుకోండి.

ఇక్కడ వ్యక్తిగత దివాలాకు మామూలుగా రెండు దారులు. చాప్టర్ 7లో చట్టం మినహాయించినవి పోను మిగిలిన ఆస్తి ఏదైనా ఉంటే ట్రస్టీ అమ్మి అప్పులవాళ్లకు పంచుతారు, మాఫీ అయ్యే బాకీలు మాఫీ అవుతాయి. చాప్టర్ 13లో మూడు నుంచి ఐదేళ్లు జీతంలోంచి వాయిదాలు కడతాం. మనలో ఎక్కువమంది అడిగేది 7 గురించే కాబట్టి దాని మీదే మాట్లాడతాం. దీనికి గ్రీన్ కార్డు, పౌరసత్వం అక్కర్లేదు. ఇక్కడ నివాసం ఉంటే చాలు. దివాలా వేసినంత మాత్రాన హెచ్-1బీ పోదు. కానీ పిటిషన్‌లో రాసే ప్రతి మాటా ప్రమాణం చేసి రాసేదే. అందులో తెలిసి అబద్ధం ఆడితే అయిదేళ్ల దాకా జైలు పడే నేరం, అది వీసా మీదికి కూడా రావచ్చు. 'ఐపీ పెడితే ఇండియాకి పంపేస్తారట కదా' అని అడిగేవాళ్లకు మేమిచ్చే జవాబు ఇదే: పంపేది ఐపీ కాదు, అబద్ధం పంపవచ్చు.

సరే, జీతం దగ్గరికి వద్దాం.

పిటిషన్ వేసిన క్షణం ఒక ఫోటో తీసినట్టు. ఆ క్షణానికి మీ ఖాతాలో ఎంత ఉందో, మీ జేబులో ఎంత ఉందో, చేసిన పనికి యజమాని ఇంకా ఎంత ఇవ్వాలో, అంతా ఆ ఫోటోలో పడుతుంది. రెండు వారాలకోసారి శుక్రవారం జీతం వచ్చే మనిషి బుధవారం పిటిషన్ వేస్తే, ఆ పది పన్నెండు రోజుల పనికి రావాల్సిన కూలి కూడా ఆస్తిగా చూపాలి. అందులో కొంతో మొత్తమో మీ రాష్ట్రం మినహాయింపుల కింద మీకే మిగలవచ్చు, కానీ చూపడం మాత్రం తప్పదు. చాప్టర్ 7లో ఆ తర్వాత చేసిన పనికి వచ్చే జీతం మీది, ట్రస్టీకి దాంతో పని లేదు.

ఇందులో మనవాళ్లు పడే గుంట ఒకటుంది. ఒకటో తేదీన ఇంటద్దె చెక్కు రాసిచ్చారు. ఇంటాయన ఇంకా బ్యాంకులో వేసుకోలేదు. మూడో తేదీన పిటిషన్ పడింది. 'అది అద్దె డబ్బండీ, నాది కాదు' అని మనం అంటాం. కానీ చెక్కు చెల్లే దాకా ఖాతాలో కనిపించే బ్యాలెన్సు మీదే. అందుకని అద్దె, కరెంటు, కారు ఇన్సూరెన్సు, ఇంటి సరుకులు అన్నీ కట్టేసి, చెక్కులు చెల్లినట్టు స్టేట్‌మెంటులో చూసుకుని, అప్పుడు తేదీ పెట్టుకోమంటారు లాయర్లు. బతకడానికి మామూలుగా పెట్టే ఖర్చు ఎవరూ తప్పు పట్టరు. రసీదులు దాచండి, అంతే. ఆ రోజు ఖాతా తక్కువలో ఉండటం మోసం కాదు. ఖాతా ఖాళీ చేసి ఆ డబ్బు బియ్యం డబ్బాలో పెట్టడం మోసం. చేతిలో నగదు ఎంత ఉందన్న ప్రశ్న కూడా ఫారంలో ఉంది మరి.

రెండో సంగతి, జీతం ఏ బ్యాంకులో పడుతోంది అన్నది. మీ జీతం పడే బ్యాంకుకే మీరు పర్సనల్ లోనో, కారు లోనో, ఓవర్‌డ్రాఫ్టో బాకీ ఉంటే, వాయిదా తప్పగానే ఖాతాలోంచి ఆ బాకీకి జమ చేసుకునే హక్కు బ్యాంకుకు మామూలుగా ఉంటుంది. పిటిషన్ పడ్డాక బ్యాంకు ఆ సొమ్మును కొన్నాళ్లు ఆపి పెట్టుకోవచ్చని 1995లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. క్రెడిట్ కార్డు బాకీకి మాత్రం బ్యాంకు తనంతట తాను మీ ఖాతాలోంచి తీసుకోకూడదని ఫెడరల్ రూలుంది. కానీ ఆటోపేకి మీరే సంతకం పెట్టి ఉంటే అది నడుస్తూనే ఉంటుంది. క్రెడిట్ యూనియన్‌లో చేరినప్పుడు పెట్టిన సంతకాల్లో ఏముందో మనలో ఒక్కరికీ గుర్తుండదు, ఆ కాగితం వెతికి లాయరుకు చూపండి.

ఒక అక్క విషయంలో ఏం జరిగిందంటే, శుక్రవారం జీతం పడింది, శనివారం కూరగాయల కొట్లో కార్డు పనిచేయలేదు. జీతంలో సగానికి పైగా పాత లోను వాయిదాలకు పోయింది. పిల్లవాడి డేకేర్ ఫీజు సోమవారం కట్టాలి. ఆ అక్క ఏ తప్పూ చేయలేదు, జీతం పడే ఖాతా మార్చలేదు, అంతే.

కాబట్టి బాకీ లేని కొత్త బ్యాంకులో ఖాతా తెరిచి, డైరెక్ట్ డిపాజిట్ అక్కడికి మార్చమని ఆఫీసులో చెప్పాలి. మారడానికి ఒకటి రెండు జీతాలు పడుతుంది, ఆఖరి వారంలో పరుగెత్తితే కుదరదు. పాత ఖాతాకు తగిలించిన ఆటోపేలన్నీ ఒకచోట రాసుకోండి. ఇష్టం లేని డెబిట్‌ను ఆపాలంటే అది పడే రోజుకు కనీసం మూడు పనిదినాల ముందు బ్యాంకుకు చెప్పాలి. పేడే లోన్ తీసుకున్నవాళ్లకు ఇది మరీ ముఖ్యం. ఇదంతా చట్టం ఒప్పుకునే పనే, దాచే పని కాదు. కొత్త ఖాతా పిటిషన్‌లో రాస్తారు, గత ఏడాదిలో మూసిన ఖాతాలు కూడా రాస్తారు.

దాచే పని ఏదో కూడా చెప్పాలి కదా. జీతం రూమ్మేట్ ఖాతాలోనో, బావమరిది ఖాతాలోనో వేయించుకోవడం. మనవాళ్లలో ఇది చాలా మామూలుగా జరుగుతుంది. 'గార్నిష్‌మెంట్ వస్తుందన్నా, కొన్నాళ్లు నీ అకౌంట్లో వేయిస్తా' అంటాడు. పిటిషన్‌కు ముందు ఏడాదిలో అప్పులవాళ్లకు అందకుండా చేయాలని సొమ్ము మళ్లించినట్టు తేలితే కోర్టు మాఫీయే ఇవ్వకపోవచ్చు. అంటే పరువూ పోయి, అప్పూ మిగిలి, మధ్యలో బావమరిది కూడా సాక్ష్యానికి రావాలి.

గార్నిష్‌మెంట్ అంటే అంత భయం అక్కర్లేదు, దానికో హద్దుంది. మామూలు బాకీలకు కోర్టు తీర్పు తెచ్చుకున్నా, పన్నులు పోను మిగిలే జీతంలో 25 శాతానికి మించి పట్టుకోవడానికి ఫెడరల్ చట్టం ఒప్పుకోదు. టెక్సస్, పెన్సిల్వేనియా, నార్త్ కరోలినా, సౌత్ కరోలినాల్లో క్రెడిట్ కార్డుల్లాంటి బాకీకి జీతం పట్టుకోవడమే మామూలుగా కుదరదు. అయితే టెక్సస్ తమ్ముళ్లూ, జీతం బ్యాంకులో పడ్డాక అది జీతం కాదు, బ్యాలెన్సు. తీర్పు ఉంటే దాన్ని పట్టుకోగలరు. పిటిషన్ పడగానే ఇలాంటి వసూళ్లు, దావాలు, ఫోన్లు చాలావరకు ఆగిపోతాయి.

ఇప్పుడు మేము అసలు చెప్పదలచుకున్న దానికి వస్తున్నాం. మనవాళ్ల కేసులు చెడేది బ్యాంకుల వల్ల తక్కువ, సొంతవాళ్ల మీద ప్రేమ వల్ల ఎక్కువ.

ఒక అన్నదమ్ముల సంగతి. పేర్లు, ఊళ్లు వద్దు. తమ్ముడికి గోదాంలో పని, సాయంత్రాలు డెలివరీ. భార్య ఆపరేషన్ బిల్లులు, వాటిని మోయడానికి నాలుగు కార్డులు. పక్క రాష్ట్రంలో మోటెల్‌లో పనిచేసే అన్న ఎప్పుడో అయిదు వేల డాలర్లు చేబదులు ఇచ్చాడు. కాగితం లేదు, వడ్డీ లేదు. ఫిబ్రవరిలో తమ్ముడికి టాక్స్ రిఫండ్ వచ్చింది. అతను ఎలా ఆలోచించాడో మీరే చెప్పగలరు. 'కార్డులవాళ్లకు ఎలాగూ నామం పెట్టబోతున్నా, అన్నది అన్నకు ఇచ్చేసి మరీ పెడతా.' మార్చిలో అయిదు వేలు అన్న ఖాతాకు పంపాడు. జూన్‌లో పిటిషన్ వేశాడు. కొన్నాళ్లకు అన్న ఇంటికి ట్రస్టీ ఉత్తరం వచ్చింది. ఆ అయిదు వేలు తిరిగి కట్టండి, లేకపోతే దావా వేస్తాం అని.

అన్న మాకు ఫోన్ చేసినప్పుడు అడిగింది ఒక్కటే: 'నా డబ్బు నేను తీసుకుంటే నేను దొంగనెట్టా అయినా?'

దొంగ కాడు. కానీ దివాలా చట్టం అప్పులవాళ్లందరినీ ఒకే వరసలో నిలబెడుతుంది. వరస తప్పించి ఒకరికి ముందే కట్టిన సొమ్మును ట్రస్టీ వెనక్కి తెప్పించి అందరికీ పంచవచ్చు. బయటివాళ్లకైతే పిటిషన్‌కు ముందు 90 రోజులు చూస్తారు, దగ్గరి బంధువులకైతే ఏకంగా ఏడాది. మామూలు కుటుంబ బాకీలున్నవాళ్లకు, ఒకరికి మొత్తం కలిపి 600 డాలర్లకు తక్కువ కట్టి ఉంటే మాత్రం వదిలేస్తారు. బ్యాంకుకు కట్టిన సొమ్ము వెనక్కి లాగితే మనకేం బాధ? అన్న దగ్గర్నుంచి లాగితే ఇల్లు రెండవుతుంది. ఆ రెండు కుటుంబాలు ఆ ఏడాది సంక్రాంతికి కలవలేదు.

ఇంటికి పంపే డబ్బుకు కూడా ఇలాంటి చూపే ఉంది. గత రెండేళ్లలో ఒక మనిషికి 600 డాలర్లు దాటి బహుమతిగా ఇచ్చారా అని ఫారంలో సూటిగా అడుగుతారు. మనం అమ్మకు పంపేదాన్ని బహుమతి అనుకోం, అది మన బాధ్యత. కానీ కాగితం మీద దానికి వేరే పేరు లేదు, రాయాల్సిందే. నెలనెలా మందులకు, ఇంటి ఖర్చుకు పంపే వంద, రెండు వందలు ఒక రకం. అప్పుల్లో మునిగి ఉండగా ఒక్కసారి ఎనిమిది వేలు చెల్లెలి పెళ్లికో, ఊళ్లో ఇంటి స్లాబుకో పంపడం ఇంకో రకం. తీర్చలేని స్థితిలో ఉండి, బదులుగా ఏమీ తీసుకోకుండా ఇచ్చిన సొమ్మును వెనక్కి అడిగే హక్కు ట్రస్టీకి ఉంది. అడగకపోయినా ప్రశ్నలు మాత్రం వేస్తారు. నెలవారీగా అమ్మానాన్నలకు పంపేది మీ ఖర్చుల పట్టికలో చూపవచ్చు, వేరే చోట ఉండే కుటుంబసభ్యుల పోషణకు అని దానికో గడి ఉంది. చాలామంది సిగ్గుపడి ఆ గడి ఖాళీగా వదిలేస్తారు. తర్వాత స్టేట్‌మెంట్లలో రెమిట్లీ పేరు పన్నెండు సార్లు కనిపిస్తుంది.

క్రెడిట్ కార్డు మీద క్యాష్ అడ్వాన్స్ లాగి ఊళ్లో ప్రోనోటు తీర్చడం అన్నిటికన్నా చెడ్డ పని. నూటికి రెండు రూపాయల వడ్డీ తప్పించుకున్నాం అనుకుంటాం. పిటిషన్‌కు ముందు 70 రోజుల్లో అలా ఒక మోతాదుకు మించి తీసినది, 90 రోజుల్లో కార్డు మీద కొన్న విలాస వస్తువులు, ఇవి తీర్చే ఉద్దేశం లేకుండా చేసిన అప్పులని కోర్టు ముందే అనుకుంటుంది. కాదని మనం నిరూపించాలి. లేకపోతే ఆ బాకీ మాఫీ కాదు.

ఊళ్లో ఆస్తి సంగతి. చట్టం మాట 'ఎక్కడున్నా, ఎవరి చేతిలో ఉన్నా' అని. శంషాబాద్ వైపు కొన్న ప్లాటు, ఎన్ఆర్ఈ ఖాతా, ఎల్ఐసీ పాలసీ, స్నేహితులతో వేసిన చిట్టీ, బ్యాంకు లాకరులో బంగారం, అన్నీ రాయాలి. 'అది నాన్న పేరు మీద ఉంది' అని ఊరుకోకండి. డబ్బు మీరు కట్టి పేరు నాన్నది పెట్టినా, పిత్రార్జితంలో మీకు వాటా ఉన్నా, లాయరుకు చెప్పండి. రాయాలా వద్దా అన్నది ఆయన తేలుస్తారు. పిటిషన్ వేసిన 180 రోజుల లోపు వారసత్వం కలిసొస్తే అది కూడా లెక్కలోకి వస్తుంది. ఇక ఊళ్లో మనకు అప్పిచ్చినవాళ్లు కూడా అప్పులవాళ్లే. మేనమామ పేరు అప్పుల పట్టికలో రాయడానికి చెయ్యి రాదు. రాయాలి. ఎంఎస్ చదువుకు ఇండియా బ్యాంకులో తీసుకున్న లోను ఉంటే అదీ రాయాలి. చదువు అప్పులు అంత తేలిగ్గా మాఫీ కావు. ఒకవేళ ఇక్కడ మీకు ఊరట దొరికినా, దానికి హామీ సంతకం పెట్టిన నాన్నకు, తాకట్టులో ఉన్న ఇంటికి అది గొడుగు పట్టదు.

401కే గురించి ఒక్క మాట, గట్టిగా. అందులో డబ్బు తీసి కార్డులు కట్టకండి. దివాలాలో ఆ ఖాతాను మామూలుగా ఎవరూ ముట్టుకోలేరు. దాన్ని మీ అంతట మీరే విరగ్గొట్టి, పన్ను కట్టి, వయసు చాలకపోతే పది శాతం అదనపు పన్ను కూడా కట్టి, ఎలాగూ మాఫీ అయ్యే బాకీకి పోయడం చూస్తే మాకు కడుపు తరుక్కుపోతుంది. ఇలా పోగొట్టుకుని వచ్చినవాళ్లు అందరూ నిజాయితీపరులే.

లాయరు అడిగే కాగితాలు ఇప్పటినుంచే ఒక కవరులో వేస్తూ ఉండండి. గత 60 రోజుల పే స్టబ్బులు, చివరి టాక్స్ రిటర్ను, బ్యాంకు స్టేట్‌మెంట్లు. ఆదాయం లెక్కకు పిటిషన్ వేసే నెలకు ముందు పూర్తయిన ఆరు నెలలు చూస్తారు. గోదాముల్లో నవంబరు, డిసెంబరు ఓవర్‌టైమ్ చేసినవాళ్లు జనవరిలో వేస్తే ఆ సగటు పెరిగి చాప్టర్ 7కు అర్హత మీద ప్రశ్న రావచ్చు. అందుకే తేదీ లాయరుతో కూర్చుని పెట్టాలి. డెలివరీ డబ్బు, వారాంతాల్లో హోటల్లో చేతికిచ్చే నగదు కూడా ఆదాయమే. ఆ పని వల్ల వీసా చిక్కు ఉందనుకుంటే, పిటిషన్ వేయకముందే ఇమిగ్రేషన్ లాయరును కూడా అడగండి. ప్రాజెక్టు కోసం రాష్ట్రాలు మారే తమ్ముళ్లు గత రెండేళ్లలో, అంటే 730 రోజుల్లో, ఎక్కడెక్కడ ఉన్నారో తేదీలతో రాసివ్వాలి. ఏ రాష్ట్రం మినహాయింపులు వర్తిస్తాయో దాన్ని బట్టే తేలుతుంది.

పిటిషన్‌కు ముందు 180 రోజుల లోపు అనుమతి ఉన్న సంస్థలో క్రెడిట్ కౌన్సెలింగ్ తీసుకోవడం తప్పనిసరి. ఫోన్లోనో కంప్యూటర్లోనో అయిపోతుంది. చాప్టర్ 7 కోర్టు ఫీజు 338 డాలర్లు. వాయిదాల్లో కట్టుకోవచ్చు, ఆదాయం బాగా తక్కువైతే మాఫీ అడగవచ్చు. తర్వాత ట్రస్టీ ముందు సమావేశంలో ఇంగ్లీషు ఇబ్బందైతే ముందే చెప్పండి, దుబాసీని ఫోన్లో ఉచితంగా ఇస్తారు. మొహమాటపడి అర్థం కాని ప్రశ్నకు 'యస్' అనకండి. ఆ 'యస్' ప్రమాణం మీద చెప్పిన 'యస్'.

అన్నదమ్ముల సంగతి సగంలో వదిలేశాం. అన్న ఆ అయిదు వేలు ట్రస్టీకి వాయిదాల్లో కట్టాడు. తమ్ముడికి మాఫీ వచ్చింది. ఆ తర్వాత మా దగ్గరికి వచ్చి, 'ఇప్పుడు అన్నకు ఇస్తే మళ్లీ తప్పా?' అని అడిగాడు. లాయరును అడిగి చెప్పాం. మాఫీ అయిన బాకీని ఎవరూ వసూలు చేయలేరు గానీ, ఇష్టపడి తీర్చేవాణ్ని చట్టం ఆపదు. పిటిషన్ తర్వాత సంపాదించిన జీతం అతనిదే. మార్చిలో ఆగి ఉంటే సరిపోయేది. రిఫండ్‌లోంచి లాయరు ఫీజు, అద్దె, కారు బ్రేకులు చూసుకుని, రసీదులు దాచి, అప్పుల పట్టికలో అన్న పేరు రాసి, మాఫీ అయ్యాక కొత్త జీతంలోంచి అన్న బాకీ మొదలుపెట్టి ఉంటే, ఆ ఉత్తరం వచ్చేదే కాదు.

ఇప్పుడు ప్రతి నెలా రెండో జీతం పడిన రోజు అన్నకు రెండు వందలు పంపుతున్నాడు. కింద నోట్‌లో 'చేబదులు' అని తెలుగులో రాస్తాడట.

టీ అయ్యాక వెనక బల్ల దగ్గర కూర్చుంటాం. పే స్టబ్బులు తెచ్చినవాళ్లు తీసుకుని రండి. నలుగురిలో అడగలేని మాట ఉంటే, సభ అయ్యాక బయట కారు దగ్గరైనా మాట్లాడదాం.